రెండున్నర రూపాయల మాట

సౌర విద్యుత్తు గురించి చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక అంకె దగ్గరకు చేరుతుంది. యూనిట్ రెండున్నర రూపాయలు. సంపాదకీయాలు, టీవీ చర్చలు, పెట్టుబడుల సదస్సులు ఆ అంకెను పట్టుకుని ఒక సిద్ధాంతమే కట్టేశాయి. ఎండ కరెంటు బొగ్గు కరెంటు కన్నా చవకైపోయింది కాబట్టి ఇక మార్పు దానంతటదే వస్తుందట. ప్రభుత్వాలు వేలంపాట పెట్టి పక్కకు తప్పుకుంటే చాలట. ఎక్కడైనా బండి ఆగిందంటే దానికి రైతుల ఉచిత కరెంటూ ఓట్ల రాజకీయమూ కారణమట. చదువుకున్నవాళ్లలో ఈ మాట కాదనేవాళ్లు ఇప్పుడు అరుదు.

ఈ వాదం తప్పు. తప్పు కావడమే కాదు, హాని కూడా చేస్తోంది. చవక అనే ఇదే వాదంతో ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్తు ఏళ్ల తరబడి కదలకుండా ఆగిపోయింది. ఆ సంగతి వివరంగా చెప్తాను. ముందు ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో 3.15 రూపాయలు పలికింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99 దాకా పోయింది. ఇవన్నీ నిజమైన ధరలే, ఇంజనీర్లు సాధించిన గొప్ప విజయాలే. అయితే అవన్నీ ప్లాంటు కంచె దగ్గర, ఎండ కాసినంతసేపు, ఎంత వస్తే అంత కొనుక్కునే ధరలు. ఆ కరెంటును వెయ్యి కిలోమీటర్లు మోసుకొచ్చే ఖర్చు అందులో లేదు. దారిలో పోయే నష్టం లేదు. పొద్దు గూకిన తర్వాత ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు అసలే లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకితో 7,000 మెగావాట్లకు ఒప్పందం కుదిరింది, యూనిట్ 2.49కి. అదీ రాజస్థాన్ ఎండే. అంతర్రాష్ట్ర ప్రసార ఛార్జీలు మాఫీ కాబట్టి అది చవక అన్నారు. మాఫీ అయినంత మాత్రాన తీగలూ టవర్లూ ఉచితంగా రావు. ఆ భారం అవే లైన్లు వాడుకునే మిగతా కరెంటు మీద పడుతుంది, అంటే తిరిగి మనలాంటి రాష్ట్రాల వినియోగదారుల మీదే. 2025 జూన్ తర్వాత పూర్తయ్యే ప్రాజెక్టులకు ఆ మాఫీ కూడా ఏటా తగ్గుతూ పోతోంది.

2025 జూన్ నాటికి దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే చేరామని ప్రకటించారు. సంతోషమే. కానీ మీటర్లలో తిరిగే యూనిట్లు లెక్క వేస్తే అప్పటికీ నూటికి దాదాపు 70 బొగ్గువే. ఎండ ఉన్నప్పుడే పనిచేసే సోలార్ ప్లాంటు ఏడాది మొత్తం మీద తన సామర్థ్యంలో పావు వంతు ఇస్తే బాగా ఇచ్చినట్టు. సామర్థ్యం అంకెను చూపి గెలిచేశామనడం జనాన్ని తప్పుదోవ పట్టించడమే.

ఈ వ్యవహారం మొత్తం గడియారం చుట్టూ తిరుగుతుంది. రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కలో ఎంత కరెంటు కావాలో అంత వచ్చి తీరాలి, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ గది తెరల మీద సౌర విద్యుత్తు కొండలా లేస్తుంది. థర్మల్ యూనిట్లను తగ్గించమంటారు. వాటిని సామర్థ్యంలో 55 శాతం కన్నా కిందికి దించితే బాయిలర్లు ఓర్చుకోవు. పూర్తిగా ఆపేస్తే మళ్లీ వెలిగించడానికి గంటలు పడుతుంది, నూనె ఖర్చవుతుంది. అందుకని వాటిని సగం మంట మీద నిలబెడతారు, ఎందుకంటే సాయంత్రం అవి కావాలి. పొద్దు గూకేసరికి సౌరం సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్లలో ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, వీధి దీపాలు ఒకేసారి అందుకుంటాయి. 2025 మే నెలలో విద్యుత్ ఎక్స్ఛేంజిలో కొన్ని మధ్యాహ్నాలు యూనిట్ ధర దాదాపు సున్నాకు పడింది. కొరత ఉన్న రాత్రుల్లో అదే ఎక్స్ఛేంజి ధర 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. అమ్ముకునే వేళ ధర లేదు, కొనుక్కోవాల్సిన వేళ పరిమితి దాకా పోతోంది. సౌర విద్యుత్తు రెండున్నర అనే మాటలో ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

ఆ రెండో సగానికి డబ్బు కట్టేది మనమే. మన కరెంటు బిల్లులో 'ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు' అని ఒక వరుస ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరానికి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు ఈ పద్దు కింద వసూలు చేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది. డిమాండ్ పెరిగిన వేళల్లో కొన్న ఖరీదైన కరెంటు, ఖరీదైన బొగ్గు ఆ పద్దులో కూర్చున్నాయి. సౌర విద్యుత్తులో ముందున్న రాష్ట్రమని పేరు తెచ్చుకున్న చోటే ఈ బిల్లులు వచ్చాయి. చవక సౌరం దానంతటదే అన్నీ సరిచేసేదైతే ఇవి రాకూడదు.

ఇక 2019 సంగతి. రాష్ట్రంలో అప్పటికే అనంతపురం, కర్నూలు, కడప కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆషాఢం గాలి మొదలైతే రాయలసీమ గుట్టల మీద రాత్రి పూట కూడా ఆగదు, సౌరం దొరకని వేళల్లో అందే కరెంటు అది. ఆ ప్లాంట్లతో డిస్కంలు యూనిట్ 4.84 రూపాయల దాకా 25 ఏళ్లకు ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ ధరలు నియంత్రణ మండలి నిర్ణయించినవే. 2019 జులై 1న కొత్త ప్రభుత్వం జీఓ 63తో ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీని వేసింది. వాదన ఒక్కటే. గుజరాత్ వేలంలో పవన విద్యుత్తు 2.43కు, భడ్లాలో సౌర విద్యుత్తు 2.44కు వచ్చాక మనం రెట్టింపు ఎందుకు కట్టాలి? తగ్గించండి, లేదా ఒప్పందం రద్దు.

వినడానికి ఇంతకన్నా న్యాయమైన మాట లేదనిపిస్తుంది. ప్రజాధనం ఆదా చేస్తామంటే వద్దనేదెవరు? ఇది ఆ ప్రభుత్వం ఒక్కదాని ఆలోచన అనుకోవడం కూడా సరికాదు. ఇతర రాష్ట్రాల్లోనూ పాత ఒప్పందాల మీద ఇలాంటి పేచీలే వచ్చాయి. చవక సిద్ధాంతాన్ని నమ్మినవాళ్లు ఎవరైనా అక్కడికే చేరుకుంటారు. కరెంటు విలువ తాజా వేలంలో పలికిన ధరే అయితే, నిన్నటి ధర దోపిడీ అవుతుంది, రేపటి ధర వచ్చాక ఇవాళ్టిదీ దోపిడీ అవుతుంది. అప్పుతో కట్టే ప్లాంటుకు మాత్రం ఆ ఇరవై అయిదేళ్ల మాటే ఆధారం. గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు. దాని ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి, ఆ తర్వాత కట్టేదంతా అప్పూ వడ్డీనే. మాట మీద నమ్మకం పోతే వడ్డీ పెరుగుతుంది, వడ్డీ పెరిగితే తర్వాతి ప్లాంటు కరెంటు ధరే పెరుగుతుంది. ధర తగ్గించమని ఒప్పందాన్ని విరగ్గొడితే పెరిగేది ధరే.

జరిగిందీ అదే. కేంద్ర విద్యుత్ మంత్రి వద్దని లేఖలు రాశారు. జపాన్ రాయబారి సైతం ముఖ్యమంత్రికి రాశారు. ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 24న సింగిల్ జడ్జి జీఓను కొట్టేసినా, తాత్కాలికంగా 2.43, 2.44 రేట్ల చొప్పునే చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఆ రేట్లు చెల్లవని, ఒప్పందంలోని ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. ఆదా అవుతుందన్న డబ్బు కాస్తా బకాయిగా తిరిగొచ్చింది. అంతకన్నా పెద్ద నష్టం కొండల మీద కనబడుతుంది. 2019 మార్చి నాటికి రాష్ట్రంలో పవన విద్యుత్ సామర్థ్యం 4,090 మెగావాట్లు. 2024 మార్చికి 4,096. ఐదేళ్లలో ఆరు మెగావాట్లు. ఆ ఐదేళ్లూ ప్రపంచంలో గాలిమరలు చవకగానే ఉన్నాయి. చవక ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇదే జబ్బు ఇప్పుడు దేశమంతా నెమ్మదిగా పాకింది. వేలం గెలిచి కూడా కొనేవాడు సంతకం పెట్టక ఆగిపోయిన ప్రాజెక్టులు 2025లో 40 వేల మెగావాట్లు దాటాయి. డిస్కంలు ఎందుకు సంతకం పెట్టడం లేదు? వచ్చే ఏడాది ఇంకా తగ్గుతుందేమోనని ఆగాయి. మధ్యాహ్నం కరెంటు తమకు ఇప్పటికే ఎక్కువై, సాయంత్రానిదే కరువై ఆగాయి. దేశంలోని డిస్కంల పేరుకుపోయిన నష్టాలు ఆరు లక్షల కోట్లు దాటినప్పుడు కొత్త ఒప్పందాన్ని నెత్తికెత్తుకునే ధైర్యం ఏ అధికారికీ రాదు.

సంతకాలయిన చోట తీగలు లేవు. సోలార్ ప్లాంటు ఏడాదిన్నర, రెండేళ్లలో లేస్తుంది. దాని కరెంటు మోసే 765 కేవీ లైను నాలుగైదేళ్లు తీసుకుంటుంది, దారిలో ప్రతి పొలం యజమానితో పరిహారం తేలాలి. 2025లో రాజస్థాన్‌లో పూర్తయిన ప్లాంట్లు మిట్టమధ్యాహ్నం ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది, బయటికి పంపే దారి చాలక. బట్టమేక పక్షి కోసం అక్కడి లైన్లను భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించింది. ఆ పక్షిని అభివృద్ధికి అడ్డంగా చూపే రాతలు చాలా వచ్చాయి. కర్నూలు ప్రాంతం వాళ్లకు ఆ పక్షి కొత్త కాదు. రోళ్లపాడు అభయారణ్యం దాని కోసమే పెట్టింది, ఇప్పుడు అక్కడ అది కనబడటమే గగనం. ఎక్కడ ప్లాంటు పెట్టాలి, ఎక్కడ లైను వెళ్లాలి, ఎక్కడ గడ్డిమైదానం వదిలేయాలి అని ముందే కూర్చుని గీత గీసి ఉంటే కోర్టు దాకా పోయేది కాదు. ఆ గీత గీయడం ఏ వేలంపాటా చేయదు.

రైతు మీద వేసే నిందకు వస్తాను. నాకు ఈ చర్చలో అన్నిటికన్నా కష్టం కలిగించేది ఇదే. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో విద్యుత్ ఛార్జీల పెంపు మీద ఊరేగింపుగా వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. 2004లో ఉచిత విద్యుత్ ఫైలు మీద కొత్త ముఖ్యమంత్రి చేసిన తొలి సంతకం వెనుక ఆ చరిత్ర ఉంది. డిస్కంల అప్పులో ఉచిత విద్యుత్ పాత్ర లేదని నేను అనను. ప్రభుత్వం సబ్సిడీ సొమ్ము ఆలస్యంగా ఇస్తే డిస్కం అప్పు చేస్తుంది. మీటరు లేని మోటార్ల లెక్కలోకి దొంగ కరెంటునూ లైన్ల నష్టాన్నీ తోసేసిన సందర్భాలూ ఉన్నాయి. వాటికి జవాబు చెప్పాల్సింది ఖజానా, డిస్కం కార్యాలయం. మోటారు ఆన్ చేసిన రైతు కాదు.

స్వచ్ఛ విద్యుత్తు లెక్కలో చూస్తే ఆ మోటారు మనకున్న పెద్ద ఆస్తి. ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి దాటాక ఇచ్చేవారు, గ్రిడ్‌కు ఆ వేళ అనుకూలం కాబట్టి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతు బోరు దగ్గరే మంచం వేసుకునేవాడు. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి, తడి చేత్తో స్టార్టర్ పెట్టె తీసి మీట నొక్కేవాడు. పాము కాటుకూ షాకుకూ పోయిన ప్రాణాలు ప్రతి మండలంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లను వేరుచేసి పగటిపూట తొమ్మిది గంటల సరఫరాకు మార్చాక ఆ రాత్రి కాపలా చాలావరకు పోయింది. దాంతోపాటు లక్షల మోటార్ల లోడు మొత్తం ఎండ కాసే వేళకు జరిగింది. బోరు నీరు మడిలో పారాక పది గంటలకు పారిందా, రెండు గంటలకు పారిందా అన్నది పైరుకు పట్టదు. మధ్యాహ్నం మిగిలిపోయే సౌర విద్యుత్తును బ్యాటరీ ఖర్చు లేకుండా వాడుకునే వినియోగదారుడు ఇలాంటివాడే. పారిశ్రామికవాడలోని ఫర్నేసు ఈ పని చేయలేదు, నగరంలోని ఏసీ చేయలేదు. మహారాష్ట్ర ఈ సంగతి గ్రహించి పల్లెల సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న సోలార్ ప్లాంట్లు పెట్టి వ్యవసాయ ఫీడర్లకు ఇచ్చే పథకాన్ని వేల మెగావాట్ల స్థాయికి తీసుకెళ్లింది. దానికి రాజస్థాన్ నుంచి లైను అక్కర్లేదు. రైతును అడ్డంకిగా చూసేవాళ్లకు ఈ దారి కంటబడదు.

అసలు డిస్కంను బోలు చేస్తున్నది ఇంకోచోట ఉంది. ఎక్కువ రేటు కట్టే పరిశ్రమ ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కంను దాటి నేరుగా, సొంత సౌరం తెచ్చుకుంటుంది. డాబా ఉన్న కుటుంబం పీఎం సూర్యఘర్ కింద 78 వేల దాకా రాయితీతో మూడు కిలోవాట్ల ప్యానెళ్లు వేయించుకుని, మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌కు బదులు రాత్రి యూనిట్ వెనక్కి తీసుకుంటుంది. ఎవరినీ తప్పుపట్టలేం, వేయించుకోవాల్సిందే. కానీ మధ్యాహ్నం యూనిట్, రాత్రి యూనిట్ ఒకటే విలువ అని ప్రభుత్వమే లెక్క కట్టినప్పుడు ఆ తేడా అద్దె ఇంట్లో ఉన్నవాడి బిల్లులోకి జరుగుతుంది. చవక సౌరం వల్ల మంచి వినియోగదారులు ఒక్కొక్కరే బయటికి పోయి, పేదవాళ్లూ అద్దెవాళ్లూ మిగిలిన డిస్కం తీగల ఖర్చు ఎవరి నుంచి రాబట్టాలి? దీనికి జవాబు చెప్పని విధానం విధానమే కాదు.

ధరే అన్నీ నిర్ణయిస్తుందన్న వాదానికి తెలంగాణలోని యాదాద్రి థర్మల్ కేంద్రం ఎదురు నిలుస్తుంది. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటుకు 2015లో శంకుస్థాపన జరిగింది. అది కడుతున్న ఏళ్లలోనే సౌర ధరలు పాతాళానికి దిగాయి. నిర్మాణం ఆగలేదు. బొగ్గు మీద మోజుతో కట్టారనలేం. రాష్ట్రానికి సాయంత్రం కరెంటు కావాలి, దాన్ని నమ్మకంగా ఇచ్చే ఇంకో ఏర్పాటు ఎవరూ చూపలేదు. సింగరేణి బొగ్గు గనుల మీద దాదాపు నలభై వేల ఉద్యోగాలు, నాలుగైదు పట్టణాల అంగళ్లు ఆధారపడి ఉన్నాయన్నదీ నిజమే. ఆ ప్లాంటుకు ఇక దశాబ్దాల పాటు స్థిర ఛార్జీలు కట్టాలి, నడిపినా నడపకపోయినా. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం బిడ్డలకు బొగ్గు తర్వాత ఏం పని అన్న ప్రశ్న ఇవాళ అడగకపోతే ఆ పట్టణాలే రేపు మార్పును అడ్డుకుంటాయి. అడ్డుకునే హక్కు వాళ్లకుంటుంది.

చవక ఇంధనాన్ని నమ్ముకుని దెబ్బతినడం మనకు కొత్త కాదు. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని కొండపల్లి, వేమగిరి, సామర్లకోట చుట్టూ ప్లాంట్లు కట్టారు. 2009లో కొత్త గ్యాస్ మొదలైనా, నాలుగేళ్లు తిరక్కుండానే విద్యుత్ ప్లాంట్లకు అది అందడం ఆగిపోయింది. దేశంలో ఇంచుమించు 14 వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు పనిలేక నిలబడ్డాయి. ఇవాళ అవి నడుస్తూ ఉంటే సాయంత్రపు కొరత వేళకు ఎంత అక్కరకొచ్చేవో.

నేల సంగతి కూడా చెప్పాలి. మెగావాట్‌కు దాదాపు ఆరెకరాల లెక్కన కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు దాదాపు ఆరు వేల ఎకరాలు పరచుకుంది. సరిహద్దుకు అవతల పావగడలో భూమి కొనకుండా కౌలుకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. కరువు సీమలో ఆ డబ్బు పెద్ద ఆసరా, ఆ పద్ధతి మంచిది. కానీ అది పట్టాదారుకు. ఆ పొలాల్లో వేరుశనగ కోతకు వెళ్లిన కూలీకి, బీళ్లలో గొర్రెలు మేపుకున్న కుటుంబానికి కౌలు లేదు, పని కూడా పోయింది. రెండున్నర రూపాయల ధరలో వాళ్ల నష్టం ఎక్కడా రాయలేదు కాబట్టే అది రెండున్నర అయింది.

నిల్వ సంగతి మరిచిపోయానని అంటారు. మరిచిపోలేదు. 2022లో సెకి బ్యాటరీ టెండరులో నెలకు మెగావాట్‌కు 10.83 లక్షలు పలికిన అద్దె 2025కి రెండు లక్షల స్థాయికి వచ్చింది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 900 మెగావాట్ల యూనిట్లు నీళ్లను తిరిగి పైకి తోడగలిగేవే. పిన్నాపురం, ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు ఆ దారిలోవే. సాధనాలు ఉన్నాయి, స్తోమతలోనే ఉన్నాయి. అందుకే నా కోపం. బ్యాటరీ దానంతటది సబ్‌స్టేషన్‌కు నడిచిరాదు. దానికి దీర్ఘకాలిక ఒప్పందం మీద ఎవరో సంతకం పెట్టాలి, వచ్చే ఏడాది ఇంకా చవకవుతుందని తెలిసీ పెట్టాలి, పెట్టిన సంతకాన్ని తర్వాతి ప్రభుత్వం నిలబెట్టాలి. శ్రీశైలంలో నీళ్లు ఎప్పుడు దింపాలో, ఎప్పుడు తోడాలో రెండు రాష్ట్రాలూ ఒక మాట మీదకు రావాలి. ఇవి రాజకీయ నిర్ణయాలు. మార్కెట్ వీటిని తీసుకోలేదు.

ఏటా నవంబరు చివరికి డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదికను నియంత్రణ మండలి ముందు పెడతాయి. ఆ తర్వాత జరిగే బహిరంగ విచారణలో ఏ వినియోగదారుడైనా లేచి అడగవచ్చు, రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. రైతు సంఘాలు, కాలనీ సంఘాలు, చిన్న పరిశ్రమల వాళ్లు ఈసారి అక్కడికి వెళ్లండి. రెండున్నర రూపాయల కథ చెప్తే ఒప్పుకోకండి. సాయంత్రం ఏడింటికి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారో, యూనిట్ ఎంత పడుతుందో, ఎన్నేళ్ల ఒప్పందం మీద తెస్తారో కాగితం మీద రాసిమ్మని అడగండి.